రాఘవేందర్ ప్రాక్సీ స్టార్ట్ కాని రోజు

ఈ దేశానికి ఇవాళ కావలసింది మంచి నాయకులు కాదు, మంచి ప్రాక్సీలు!

ఈ మాట అనగానే మీరు నొసలు చిట్లిస్తారని తెలుసు. కానీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. కాలేజీలో అటెండెన్సు తీసేటప్పుడు వెనక బెంచీలోంచి మీ బదులు "యెస్ సార్" అన్న మిత్రుడు లేకపోతే మీ గోడకు ఆ డిగ్రీ వేలాడేదా? దూరపు బంధువుల పెళ్లికి మీ బదులు మీ తమ్ముడు వెళ్లి అక్షింతలు వేసి, మీ బదులు ఇంకో గులాబ్‌జామూన్ తిని రాలేదా? మనిషి ఒక్కడే. ఉండవలసిన చోట్లు బోలెడు. ఈ చిక్కును విప్పడానికి పుట్టినవాడే ప్రాక్సీ.

కంప్యూటర్లు వచ్చాక ఈ పుణ్యకార్యం వాటికీ నేర్పారు. వెబ్ ప్రాక్సీ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. మీరు గద్వాలలో కూర్చుని ఒక వెబ్‌సైటులో పని చేసుకోవాలనుకోండి. మీరు నేరుగా వెళ్లరు. ఎక్కడో ఇంకో కంప్యూటర్‌లో ఉన్న ప్రాక్సీకి చెబుతారు. అది మీ తరఫున వెళ్లి, అడిగి, తెచ్చి ఇస్తుంది. ఆ వెబ్‌సైటుకు మీరు కనిపించరు, ఆ కంప్యూటరే కనిపిస్తుంది. మీరు అక్కడే ఉన్నారనుకుని అది నిశ్చింతగా ఉంటుంది. ఎంత మర్యాదైన ఏర్పాటు!

అలాంటి ప్రోగ్రాం ఒకరోజు పొద్దున స్టార్ట్ కాకుండా మొరాయిస్తే ఒక మంచి మనిషి ఎన్ని అగచాట్లు పడ్డాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. గుండె గట్టిగా ఉన్నవాళ్లే చదవండి.

ఆ మంచి మనిషి పేరు రాఘవేందర్. ఊరు మానవపాడు అవతల రాళ్లకుంట. మిర్చి, పత్తి పండే ఊరు. ఆ ఊరికి సర్పంచ్ కావాలన్నది ఆయన ఎన్నాళ్లనుంచో పెంచుకున్న కోరిక. పదవి వచ్చేలోగా పదవికి తగ్గ చొక్కాలు సిద్ధంగా ఉండాలని బీరువా నిండా తెల్లచొక్కాలు గంజి పెట్టించి ఉంచుకున్నాడు. ఎవరి ఇంట్లో చావైనా, పెళ్లైనా అందరికంటే ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తీరా ఎన్నికలు వచ్చేసరికి రాళ్లకుంట సీటు మహిళలకు రిజర్వు అయింది.

ఆ వార్త విన్న రోజు రాఘవేందర్ చొక్కా ఇస్త్రీ చేయించుకోలేదు. ఆయనకు అంతకంటే పెద్ద దుఃఖం ఉండదు. పొద్దుగుంకేవేళకు తనకో భార్య ఉన్న సంగతి గుర్తొచ్చింది.

భార్య పేరు సుగుణమ్మ. ఇంటరు దాకా చదివింది. మహిళా సంఘానికి చాలాకాలం లీడరుగా పని చేసింది. మిర్చి కల్లంలో కూలీలందరితో ఒక్క కేక కూడా వేయకుండా పని చేయించగలదు. ఇవన్నీ చిన్న విషయాలు, వదిలేయండి. ఆమె రాఘవేందర్ భార్య. అదీ అసలైన అర్హత!

ఊళ్లో ఫ్లెక్సీలు లేచాయి. ఫ్లెక్సీలో రాఘవేందర్ నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. అభ్యర్థి ఫోటో కింద మూలన చిన్నగా ఉంది. స్తంభానికి కట్టిన తాడు ముడి సరిగ్గా ఆమె ముఖం మీదికి వచ్చింది. అయినా సుగుణమ్మే గెలిచింది. ప్రమాణం చేసేరోజు ఆమె కాగితం చూడకుండా స్పష్టంగా చెప్పింది. పక్కన నిలబడి రాఘవేందర్ పెదవులు కదిపాడు. మర్నాటి నుంచి ఊరు ఆయన్ను "సర్పంచ్ సాబ్" అంది. ఆమె కల్లానికి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల శ్రమ తగ్గించాలని ఎంతమంది ఉపన్యాసాలు ఇవ్వలేదు? రాఘవేందర్ తగ్గించి చూపించాడు. పదవి అనే బరువు మొత్తం తన భుజాల మీదికి తీసుకున్నాడు. మీటింగులు ఆయనవి, దండలు ఆయనవి, ఆఫీసులో కుర్చీ ఆయనది. ఆ కుర్చీ వెనక వేసిన టర్కీ టవలు కూడా ఆయనదే. సుగుణమ్మకు మిగిలింది మిర్చి ఏరుకోవడం, ఇంటిపని, ఎప్పుడైనా సంతకం. పాపం, అంత తీరిక ఎవరికి దొరుకుతుంది!

అంతా సవ్యంగా సాగుతుండగా ఎవరో గిట్టనివాళ్లు ఒక నిబంధన పెట్టారు. ఊరి పనులకు సర్పంచ్ ఆమోదం ఇకమీద వెబ్‌సైటులోనే ఇవ్వాలి. ఆ సైటు పంచాయతీ ఆఫీసు కంప్యూటర్ నుంచి తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. సర్పంచులు ఆఫీసుకు రావాలని వాళ్ల ఉద్దేశమట. రాఘవేందర్ ఎలా వస్తాడు చెప్పండి? ఆయన గద్వాలలో ప్లాట్ల వ్యాపారం చూసుకోవాలి, నాయకులకు కనిపిస్తుండాలి. ఊరికి సేవ చేసేవాడు ఊళ్లోనే ఉంటే ఎలా కుదురుతుంది?

గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే షాకీర్ ఈ కష్టం విని నవ్వాడు. "ఇదేం పెద్ద పని అన్నా. ఆఫీసు కంప్యూటర్ల ప్రాక్సీ పెడ్త. నువ్వు గద్వాల్ల కూసొని నొక్కు. సైటుకు మాత్రం రాళ్లకుంటల కుర్చీల ఉన్నట్టే కనవడ్తవు" అన్నాడు.

రాఘవేందర్‌కు ఆ మాట మంత్రంలా వినిపించింది. షాకీర్ రాళ్లకుంట వచ్చి ప్రోగ్రాం ఎక్కించాడు. ఇదేమిటని అడిగిన పంచాయతీ కార్యదర్శి సుహాసినికి, సెక్యూరిటీ కోసమని రాఘవేందర్ చెప్పాడు. సుహాసిని వనపర్తి అమ్మాయి, కొత్త ఉద్యోగం. ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఆమె చూసే చూపు ఒకటుంది, అది రాఘవేందర్‌కు నచ్చదు.

ఇంకొక్క అడ్డంకి మిగిలింది. ఆమోదం నొక్కిన ప్రతిసారీ సైటు సర్పంచ్ ఫోనుకు ఒక నెంబరు పంపుతుంది. ఆ నెంబరు కొడితేనే పని పూర్తవుతుంది. దీనికి షాకీర్ అవసరం రాలేదు. మిర్చి దుమ్ముకు ఫోను ఖరాబవుతుందని చెప్పి రాఘవేందర్ భార్య ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచి ఆయన చొక్కా జేబులో రెండు ఫోన్లు ఉండేవి. ఒకటి తనది, ఒకటి సర్పంచ్‌ది.

కుర్చీలో మనిషికి ప్రాక్సీ, కంప్యూటర్‌లో ప్రాక్సీ, జేబులో ఫోనుకు ప్రాక్సీ! పరిపాలన ఇంత సాఫీగా ఇంకెక్కడైనా నడిచిందా?

సంక్రాంతి వెళ్లిన కొత్తలో రాళ్లకుంట బోరు మోటరు కాలిపోయింది. నల్లాలన్నీ ఎండిపోయాయి. వ్యవసాయ బావులనుంచి రెండు రోజులు నీళ్లు మోసుకుని జనం విసిగిపోయారు. మండలంలో అదనంగా ఉన్న మోటరు ఒక్కటే. పక్క ఊరి మోటరు కూడా కాలింది. మధ్యాహ్నంలోగా ఏ సర్పంచ్ ఆమోదం ముందు అందితే మోటరు ఆ ఊరికి వెళుతుందని పైనుంచి సుహాసినికి చెప్పారు. ఆమె వెంటనే సర్పంచ్ నెంబరుకు ఫోన్ చేసింది. అలవాటు ప్రకారం రాఘవేందర్ ఎత్తాడు.

అప్పుడాయన బీచుపల్లిలో ఉన్నాడు. ఒక స్నేహితుడు కొత్త కారు కొని ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయిస్తున్నాడు. రాఘవేందర్ తొందరపడలేదు. ఇదెంత పని అని చెప్పి, దండలు వేసిన కారు బానెట్ మీదే లాప్‌టాప్ తెరిచాడు. ప్రాక్సీ నుంచి జవాబు రావడం లేదని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

సుహాసినికి ఫోన్ చేసి ఆఫీసు కంప్యూటర్‌లో ఏముందో చూడమన్నాడు. ఎర్ర అక్షరాలు ఉన్నాయని ఆమె చెప్పింది. ప్రాక్సీ స్టార్ట్ కాలేదు, దాని పోర్టును ఇప్పటికే ఇంకో ప్రోగ్రాం వాడుతోంది, అని ఉందట.

రాఘవేందర్ పోర్టు అన్న మాట దగ్గర ఆగిపోయాడు. పోర్టంటే ఓడలు ఆగే చోటు. ఎదురుగా కృష్ణానది ఉంది గానీ అందులో ఆయనకు ఏ ఓడా కనిపించలేదు. షాకీర్‌కు ఫోన్ కలిపాడు.

ఇక్కడినుంచి రిపేరు మొదలైంది. షాకీర్ గద్వాలలో చెబుతాడు. అది రాఘవేందర్ బీచుపల్లిలో వింటాడు. ఆ ఫోను పెట్టేసి సుహాసినికి చేసి చెబుతాడు. ఆమె చేసి చూసి చెబుతుంది. అది మళ్లీ షాకీర్‌కు చేరవేస్తాడు. షాకీర్, సుహాసిని నేరుగా మాట్లాడుకుంటే పోయేది కదా అని మీకు అనిపించవచ్చు. అప్పుడు రాఘవేందర్ ఏం చేయాలి? మధ్యలో ఒక మనిషి ఉండాలన్న సంస్కారం మనకెప్పుడు అబ్బుతుంది?

కంప్యూటర్ ఆపి మళ్లీ వేయమన్నారు, వేసింది. ప్రాక్సీ లేవలేదు. తీగలన్నీ పీకి మళ్లీ పెట్టమన్నారు, పెట్టింది. లేవలేదు. యాంటీవైరస్ ఆపమన్నారు. ఫైర్‌వాల్ ఆపమని షాకీర్ అన్నప్పుడు రాఘవేందర్‌కు కోపమొచ్చింది. మోటరు కాలింది చాలక ఇంకా మంటలేందని అడిగాడు. అది మంట కాదని, ఊరి పొలిమేర కంచెలాంటిదని షాకీర్ చెప్పాడు. ఆ మాట సుహాసిని దగ్గరికి చేరేసరికి, కంచె తీసేయమని సర్పంచ్ సాబ్ చెప్పినట్టు అయింది. ఏ కంచె అని ఆమె అడిగింది. ఆఫీసు చుట్టూ కంచె ఎప్పుడూ లేదు.

చివరికి ప్రోగ్రాం మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించారు. కొత్తది కూడా అవే ఎర్ర అక్షరాలు చూపించింది.

"పోర్టంటే దర్వాజ అనుకో అన్నా. ఆ దర్వాజల ఇంకెవరో ముందే వొచ్చి కూసున్నరు. వాళ్లు లేస్తెనే మనోడు కూసుంటడు" అని షాకీర్ ఓపిగ్గా వివరించాడు.

ఎవరు కూర్చున్నారని రాఘవేందర్ అడిగాడు. వచ్చి చూస్తే గాని తెల్వదన్నాడు షాకీర్. బైకు మీద బయలుదేరుతున్నానని కూడా చెప్పాడు.

ఎవరో ముందే కూర్చున్నారన్న మాట రాఘవేందర్‌ను నిలవనీయలేదు. ఆయనకు వెంటనే ఉపసర్పంచ్ కురుమూర్తి మీదికి అనుమానం పోయింది. ఆ కుర్చీ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. సుహాసినికి ఫోన్ చేసి కురుమూర్తి ఆఫీసుకు వచ్చాడా అని మెల్లగా ఆరా తీశాడు. రాలేదని, కుర్చీ ఖాళీగానే ఉందని ఆమె చెప్పింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఖాళీ కుర్చీ వల్ల ఎవరికీ నష్టం లేదు కదా!

ఊరికి వెళ్లిపోదామంటే కారు కదలదు. పూజ పూర్తవ్వాలి, ముహూర్తానికి టైర్ల కింద నిమ్మకాయలు నలగాలి. కారు కొన్న స్నేహితుడు జాలిపడి, ప్రాక్సీ పేరు మీద కూడా ఒక కొబ్బరికాయ కొట్టమన్నాడు. రాఘవేందర్ నిజంగానే కొట్టాడు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. ప్రాక్సీ మాత్రం లేవలేదు.

ఈలోగా రాళ్లకుంటలో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది.

పంచాయతీ ఆఫీసు ముందు బిందెలు వరుస కట్టాయి. తిమ్మమ్మ అనే పెద్దావిడ లోపలికి వచ్చి, తెర మీద ఎర్ర అక్షరాల వంక చూసి, ఈ డబ్బా ఎవరికోసం కాచుకుని ఉందని సుహాసినిని అడిగింది. సర్పంచ్ కోసమని సుహాసిని చెప్పింది.

"మన సర్పంచి కల్లంల మిరపకాయలు ఏరుతున్నది గద బిడ్డా. పిలుచుకొస్తె తప్పా?"

సర్పంచ్ ఆఫీసుకు సర్పంచ్ రావడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని సుహాసిని అంది. ఆ చూపు, రాఘవేందర్‌కు నచ్చని ఆ చూపు, అప్పుడు కూడా చూసే ఉంటుంది.

సుగుణమ్మ కల్లంనుంచి ఉన్నపళంగా వచ్చింది. చీరకు, చేతులకు, జుట్టుకు మిర్చి దుమ్ము. ఆమె గుమ్మం దాటగానే ఆఫీసంతా తుమ్ములు మొదలయ్యాయి. ఆ చేతులతో కీబోర్డు ముట్టుకుంటే రేపు కళ్లు నలుపుకునేది సుహాసినే. చేతులు కడుక్కుందామంటే నల్లాలో చుక్క లేదు. తిమ్మమ్మ బావినుంచి మోసుకొచ్చిన బిందె వంచి ఆమె చేతుల మీద నీళ్లు పోసింది. దూరంనుంచి తెచ్చిన నీళ్లు. ఇన్ని చాలు, ఇన్ని చాలు అని సుగుణమ్మ అంటూనే ఉంది.

కుర్చీకి ఉన్న టర్కీ టవలు తీసి, మడతపెట్టి, కిటికీలో పెట్టింది. కూర్చుంది. సుహాసిని సైటు తెరిచింది. అది ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. రాళ్లకుంట సర్పంచ్‌కు స్వాగతం అంది. మోటరు పేజీలో సుగుణమ్మ ఆమోదం నొక్కింది. సైటు ఆమె ఫోనుకు నెంబరు పంపింది.

ఆ నెంబరు బీచుపల్లిలో మోగింది.

రాఘవేందర్ రెండు చేతుల్లో రెండు కొబ్బరి చెక్కలున్నాయి. జేబులో సర్పంచ్ ఫోను టింగుమంది. ఆ వెంటే ఆయన ఫోను మోగింది. సుహాసిని నెంబరు. స్నేహితుడు జేబులోంచి తీసి స్పీకరులో పెట్టి పట్టుకున్నాడు. లేచిందా మేడం అని రాఘవేందర్ ఆశగా అడిగాడు.

"నేను" అంది సుగుణమ్మ. "నీ జేబులున్న నా ఫోనుకు నెంబరొచ్చి ఉంటది. జర చెప్పు."

అక్కడికెందుకు వెళ్లావన్నాడు. షాకీర్ వస్తున్నాడు, ప్రాక్సీ లేస్తుంది, ఆగమన్నాడు. ఊరంతా ఆఫీసు ముందే ఉందని, మోటరు వెళ్లిపోయేలా ఉందని ఆమె చెప్పింది.

"ఇవన్ని నీకు తెల్వవు. ఒకటి నొక్కబోతే ఇంకొకటి అయితది" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు. ఆమె గొంతు పెంచలేదు కూడా.

"నేను రాళ్లకుంట సర్పంచిని మాట్లాడుతున్న. మా ఊరికి మోటరు కావాలె. నెంబరు చెప్పు."

ఫోను పట్టుకున్న స్నేహితుడు పక్కకు చూశాడు. పూజ చేస్తున్న అయ్యగారు కూడా మంత్రం ఆపారు. రాఘవేందర్ కొబ్బరి చెక్కలు బానెట్ మీద పెట్టి, చేయి తుడుచుకుని, జేబులోంచి భార్య ఫోను తీసి నెంబరు చదివాడు. చివరి అంకె దగ్గర గొణిగాడు. ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు.

అయ్యో, చూశారా పాఠకులారా! ఒక ఊరిని జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి, చివరికి భార్య ఫోనుకు వచ్చిన మెసేజీ చదివి చెప్పే పనికి దిగాడు. ఒక్క ప్రోగ్రాం లేవకపోతే ఇంత విధ్వంసం!

తిరుగుదారిలో ఆయన కొత్త కారు వెనక సీటులో ఒక మూల కూర్చున్నాడు. ఒళ్లో రెండు ఫోన్లున్నాయి. ఎన్నికల ముందు, సర్పంచ్‌గా నిలబడతావా అని తాను సుగుణమ్మను అడిగాడా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆధార్ కార్డు ఎక్కడుందని అడిగినట్టు గుర్తుంది. ఇంకేమీ అడిగినట్టు లేదు. అడిగి ఉంటే ఏమనేదో అనుకున్నాడు.

ప్రాక్సీ లేవని రోజుల్లో మనుషులకు ఇలాంటి ఆలోచనలు వస్తాయి. అందుకే అది ఎప్పుడూ నడుస్తుండాలని నేను మొత్తుకునేది.

ఆయన రాళ్లకుంట చేరేసరికి మోటరు ట్రాక్టరులో వచ్చేసింది. బోరు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఆఫీసు దగ్గర అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. సర్పంచ్ కుర్చీలో సర్పంచ్ ఉందన్న వార్త ఊళ్లో పాకిపోయింది. మసీదు సందులో మురికి కాలువ సంగతి చెప్పడానికి హుసేన్‌బీ వచ్చింది. మనవరాలి బర్త్ సర్టిఫికెట్టు కోసం తిరిగి తిరిగి అలసిపోయిన మాసయ్య వచ్చాడు. రాఘవేందర్ అనుమానించిన కురుమూర్తి కూడా ఒక మూల బుద్ధిగా నిలబడి తన వీధి లైటు వంతు కోసం చూస్తున్నాడు. సుగుణమ్మ ఒక్కొక్కరినే అడిగి, సుహాసినితో మాట్లాడి, నొక్కుతోంది. ఆయన కారు దిగి రాగానే ఆమె తన ఫోను అడిగి తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు. ఆ రద్దీలో అదేమీ పెద్ద విషయంలా కనిపించలేదు.

షాకీర్ బ్యాగు భుజాన వేసుకుని గోడవారగా నిలబడి ఉన్నాడు. తెర మీద చూడవలసింది ఆమె భుజం మీదుగా చూసేశాడట.

"దొరికింది అన్నా. ఆఫీసుల కూసొని సర్పంచి ఆమోదం ఇచ్చేటందుకు సైటోళ్లు కొత్త ప్రోగ్రాం పంపిన్రు. పొద్దుగాల కంప్యూటర్ ఎయ్యంగనే అది ముందు లేచి దర్వాజల కూసున్నది. అసలుది కూసున్నంక మనది ఎట్ల లేస్తది?"

రిపేరు ఉందా అని రాఘవేందర్ గుసగుసగా అడిగాడు. ప్రాక్సీకి ఇంకో దర్వాజా నెంబరు ఇస్తే నిమిషంలో లేస్తుందన్నాడు షాకీర్. వదినను కొంచెం లేవమని చెప్పమన్నాడు.

రాఘవేందర్ గుమ్మం దాకా వెళ్లాడు. లోపల మాసయ్య బర్త్ సర్టిఫికెట్టు చేతిలో పట్టుకుని, చదువు రాకపోయినా, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు. సుగుణమ్మ తల తిప్పి చూసి, బయటి బల్ల వైపు చూపించింది.

"జర కూసో. వీళ్లందరి పని అయినంక వస్త."

ఆయన బల్ల మీద తిమ్మమ్మ పక్కన కూర్చున్నాడు. తెల్లచొక్కా మీద ఎర్రగా మిర్చి దుమ్ము పడింది. ఎవరు చల్లారో తెలియదు. తుమ్మాడు. నిండు బిందె పక్కనే పెట్టుకుని తిమ్మమ్మ, మీ ఇంటామె మంచిగ చేస్తున్నదని అంది. ఊళ్లో ఆయన భార్యను ఆయన ముందే ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. చొక్కా దులుపుకుంటూ, మా ఇంటామెనే, అన్నాడు.

మర్నాడు షాకీర్ వచ్చి పోర్టు మార్చాడు. ప్రాక్సీ పచ్చ అక్షరాలతో లేచింది. ఇప్పుడు దానిలో ఏ లోపమూ లేదు. రాఘవేందర్ గద్వాలలో లాప్‌టాప్ తెరిస్తే సైటు గౌరవంగా తెరుచుకుంటుంది. నొక్కితే గౌరవంగా నెంబరు పంపుతుంది. ఆ నెంబరు సుగుణమ్మ ఫోనులో మోగుతుంది. ఆయన ఫోన్ చేసి అడిగితే, దేనికోసం నొక్కావని ఆమె అడుగుతుంది. చెప్తే, చూసి తనే నొక్కుతానంటుంది. కొన్నాళ్లకు ఆయన లాప్‌టాప్ తెరవడం మానేశాడు. గద్వాల వెళ్లడమూ తగ్గింది. మిర్చి కల్లం ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

కథ ఇక్కడితో ముగిస్తే, ప్రాక్సీలకు కాలం చెల్లిందని మీరు పొరపాటు పడతారు. కంగారు పడకండి.

మార్చిలో మహిళా దినోత్సవం వచ్చింది. మహిళా సర్పంచులకు సన్మానమని ఒకచోట సభ పెట్టారు. సుగుణమ్మ బస్సులో వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ అంతా మీసాలే. మహిళా సర్పంచులందరూ వేదిక మీదికి రావాలని మైకులో పిలిచారు. గంజి పెట్టిన తెల్లచొక్కాలు గలగలమంటూ లేచాయి. ఆ మగాళ్లందరి వెనక సుగుణమ్మ కూడా మెట్లెక్కింది. శాలువాలు కప్పుతూ వచ్చిన పెద్దమనిషి ఆమె దగ్గర ఆగి, అయోమయంగా చూశాడు.

"మీరు ఎవరి తరఫున వచ్చారమ్మా?"

"ఎవరి తరఫునా రాలేదు సార్. నేనే సర్పంచిని."

ఆయన ఆశ్చర్యపోయాడు. శాలువా అయితే కప్పాడు.

మర్నాడు పేపర్లో రంగుల ఫోటో వచ్చింది. పైన 'మహిళా సర్పంచులకు ఘన సన్మానం' అని పెద్ద అక్షరాలు. ఫోటో నిండా మగాళ్లు, చివర్లో శాలువాతో సుగుణమ్మ. కింద ఎడమనుంచి కుడికి పేర్లు. వరుసలో ఆఖరున ఇలా ఉంది: రాళ్లకుంట సర్పంచ్ రాఘవేందర్.

పాత అలవాటు కొద్దీ రాఘవేందర్ ముందు తన పేరే చూసుకున్నాడట. తర్వాత ఫోటో చూశాడు. మళ్లీ పేరు చూశాడు. కల్లంలో మిర్చి మధ్య నిలబడి షాకీర్‌కు ఫోన్ చేశాడు.

"ప్రాక్సీ లేవకుంటే ఎట్ల లేపాల్నో చెప్పినవు గద తమ్మీ. ఆపాల్నంటే ఏడ నొక్కాలె?"

షాకీర్‌కు తెల్వదట. నాకూ తెలియదు. శాలువా కప్పిన పెద్దమనుషులెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి రాళ్లకుంటకు ఒక ఫోన్ చేసి చెప్పండి. ఫోను సర్పంచే ఎత్తుతుంది, తడబడకండి.